పురానాపూల్ మీద వెతికినం, కింద దొరికింది



పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. మెస్సుల తిన్నంక తీరికగా చదువుర్రి. చదివినంక మీ తండా గురించి, మీ గూడెం గురించి కింద రాయాలె. అందుకోసమే ఇదంతా రాస్తున్నం.

సంగతి క్లాసుల మొదలైంది. హిస్టరీ సార్ అందరికీ ఒక పని ఇచ్చిండు: మీ వారసత్వ కట్టడం గురించి రెండు పేజీలు రాసుకొని రావాలె. క్లాసుల చాలామంది కొమురవెల్లి మల్లన్న గుడి గురించి రాసిన్రు. కొందరు వాళ్ల ఊరి బురుజు, కొందరు వాళ్ల ఊరి గడి. మా హాస్టల్ పిల్లలం నలుగురం కూర్చొని ఆలోచించినం. మన తండాల రాతి కట్టడం ఏముంది? రేకుల ఇండ్లు, సేవాలాల్ గుడి, బోరింగు. అందరి చరిత్ర రాళ్ల మీద నిలబడి ఉంటే, మనది నిలబడనీకి రాయే లేదు. ఆ రాత్రి ఎవరికీ సరిగ్గ నిద్ర పట్టలేదు.

అప్పుడు మాలో ఒకడు ఒక మాట పట్టుకొచ్చిండు. హైదరాబాద్‌ల కార్వాన్ అని ఒక బస్తీ ఉంది కదా, కార్వాన్ అంటే ఏంది? వ్యాపారుల బిడారు. మరి తండా అంటే? ఇప్పుడు తండా అంటే మన ఊరు. కానీ పాత రోజుల్ల తండా అంటే ఎద్దుల మీద సరుకు వేసుకొని కదిలే బిడారు. రెండు మాటల అర్థం ఒక్కటే! ఆ కార్వాన్ పక్కనే మూసీ మీద 1578ల కట్టిన వంతెన ఉంది, పురానాపూల్. మన తాతల ఎద్దులు దాని మీద నడిచే ఉంటయి, మన కట్టడం అదే అని అనుకొని, ఆదివారం ఔటింగ్ పర్మిషన్ తీసుకొని బయలుదేరినం. సిద్దిపేట బస్సుల జేబీఎస్ దాక, అక్కడి నుంచి మెట్రోల ఎంజీబీఎస్ దాక పోయి, దిగి నడిచినం.

ముందు వంతెన సంగతి చెప్తం.

గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో 1578లో పురానాపూల్ కట్టారు. దీనికి 22 కమాన్లు ఉన్నాయి. హైదరాబాద్ నగరానికి 1591లో పునాది పడింది. అంటే ఊరి కంటే వంతెన 13 ఏళ్లు పెద్దది. చార్మినార్ లేని రోజుల్లోనే ఇది ఉంది. భాగమతి కోసం మహమ్మద్ కులీ వరద మూసీని దాటుతుంటే తండ్రి చూసి భయపడి ఈ వంతెన కట్టించాడని ఒక ప్రేమకథ చెప్తారు. సినిమాకు బాగుంటది. కానీ లెక్క చూస్తే, వంతెన కట్టేనాటికి మహమ్మద్ కులీకి సుమారు 13 ఏళ్లు. కథకంటే గట్టి కారణం వ్యాపారం. గోల్కొండ కోట జనంతో ఇరుకైపోయింది. వజ్రాలు, బట్టలు కోట నుంచి కార్వాన్ మీదుగా నది దాటి, దూరాన మచిలీపట్నం రేవు దాక పోవాలి. వానాకాలం మూసీ అడ్డం పడితే వ్యాపారం ఆగిపోతుంది. అందుకే ఆ వంతెన.

ఇంకో ముచ్చట మాకు భలే నచ్చింది. పారిస్‌లో సేన్ నది మీద పాంట్ నఫ్ అని పేరున్న వంతెన ఉంది. దానికి కూడా 1578లోనే పునాది వేశారు. పూర్తి కావడానికి 1607 దాక పట్టింది. పాంట్ నఫ్ అంటే కొత్త వంతెన. వాళ్లు అప్పుడు పెట్టిన పేరే ఇప్పటికీ పిలుస్తున్నరు. మన దగ్గర తర్వాత వేరే వంతెనలు వచ్చినయి కాబట్టి ఇది పురానా అయింది. 1600ల నడుమ మన దేశం తిరిగిన ఫ్రెంచి నగల వ్యాపారి తావెర్నియే ఈ వంతెనను చూసి, అందంలో పారిస్ వంతెనకు పెద్దగా తీసిపోదని రాసుకున్నడు.

ఇదే తావెర్నియే మన గురించి కూడా రాసిండు. ఇది క్లాసుల ఎవరూ చెప్పలేదు. పది పన్నెండు వేల ఎద్దులు ఒకే బిడారుగా కదిలేవని, దారి ఇరుకైన చోట ఎదురుపడితే అవి పోయేదాక ప్రయాణికులు రెండు మూడు రోజులు కూడా ఆగాల్సి వచ్చేదని చెప్పిండు. ఈ బిడార్లవాళ్లలో నాలుగు తెగలు ఉన్నయని, ఒక తెగ ధాన్యం, ఒక తెగ బియ్యం, ఒక తెగ పప్పులు, ఒక తెగ ఉప్పు మోస్తదని రాసిండు. వీళ్లు భార్యాపిల్లలతో డేరాల్లోనే బతుకుతరని, వీళ్ల నాయకుడు రాజకుమారుడి లెక్క మెడల ముత్యాల హారం వేసుకుంటడని కూడా ఉంది. చదువుతుంటే రోమాలు లేచినయి. మన పెద్దలు లదేణి అని చెప్పే మాట ఇదే. దండు కదిలితే దానికి తిండి మోసింది లదేణి ఎద్దులే. కరువు వచ్చిన ఊరికి గింజలు తెచ్చింది అవే. సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు మోసుకొని దేశం లోపలి దాక పంచింది అవే.

ఇది ఒక్క లంబాడోళ్ల కథ అనుకోవద్దు. మన గ్రూపుల ఎరుకల తమ్ముళ్లు ఉన్నరు. ఉప్పు ఎరుకల అనే పేరు ఊరికే రాలేదు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు మోసి ఊరూరా అమ్మిన వాళ్లు మీ తాతలు. ఈ దేశంల ఉప్పు తిన్న ప్రతి ఇంటికి మన రెండు కులాల అప్పు ఉంది.

ఇగ మా ప్రయాణం సంగతికి వస్తం. ఎంజీబీఎస్ నుంచి ముందు అఫ్జల్‌గంజ్ దిక్కు, ఉస్మానియా దవాఖానకు పోయినం. దవాఖాన ఆవరణల, మూసీ ఒడ్డున ఉన్న పార్కుల ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి మహా వరద వచ్చింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అప్పుడు నగరంలో ఉన్న నాలుగు వంతెనల్లో అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. రెండు దిక్కుల నగరాన్ని కలిపి నిలబడింది ముసలి పురానాపూల్ ఒక్కటే. దానికీ దెబ్బలు తగిలినయి, తర్వాత బాగు చేసిన్రు. ఇక్కడ ఈ చింతచెట్టు ఎక్కి కొమ్మలు పట్టుకొని దాదాపు 150 మంది బతికిన్రు. ఆ వరద తర్వాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతోనే 1920 నాటికి ఉస్మాన్ సాగర్, 1927 నాటికి హిమాయత్ సాగర్ వచ్చాయి.

ఆ చెట్టు ఇంకా పచ్చగనే ఉంది. ఒక చెట్టును ఊరు ఎట్ల గుర్తు పెట్టుకుంటదో ఇక్కడ నేర్చుకోవాలె. ఫోరమ్ ఫర్ ఎ బెటర్ హైదరాబాద్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఏటా సెప్టెంబర్ 28న ఈ చెట్టు కిందనే కూడి చనిపోయినవాళ్లను తలుచుకుంటరు. నది గురించి, చెట్టు గురించి మాట్లాడుతరు. లాభం కోసం కాదు, జీతం కోసం కాదు. 1984లో పుట్టిన ఇంటాక్ అనే సంస్థకు కూడా హైదరాబాద్‌లో శాఖ ఉంది. పాత కట్టడాలను బాగా చూసుకునే వాళ్లకు అవార్డులు ఇస్తరు, జనాన్ని వెంట తీసుకొని నడిచి చూపిస్తరు, కూల్చబోతే అడుగుతరు.

ఇది చిన్న పని కాదు. 1995లో నగరంలోని పాత కట్టడాలకు కాపుగా రెగ్యులేషన్ 13 అనే నిబంధన వచ్చింది. 2015లో దాన్ని తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ భవనం కూల్చి కొత్త అసెంబ్లీ కడతామన్నప్పుడు పౌరులు, సంస్థలు హైకోర్టుకు పోతే, కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఎవరో కొందరు కాగితాలు పట్టుకొని తిరిగితేనే ఒక గోడ నిలబడింది. మనం చాలాసార్లు ఇది సర్కారు పని అనుకొని ఊకుంటం. చూస్తే సగం పని మన లాంటి మామూలు జనమే చేస్తున్నరు.

అక్కడి నుంచి నది ఎగువకు పురానాపూల్ దాక పోయినం. కొత్త వంతెన మీద బండ్లు పోతున్నయి. పాత వంతెన మీద కూరగాయల అంగడి నడుస్తున్నది. టమాట, పాలకూర, పచ్చిమిర్చి, గోనె సంచుల మీద కుప్పలు. నాలుగు వందల ఏండ్లు దాటిన రాళ్ల మీద ఒక అమ్మ కూర్చొని మెంతికూర కట్టలు కడుతున్నది. ఎన్నేండ్ల నుంచి ఇక్కడ అమ్ముతున్నవమ్మా అని అడిగినం. "మా అత్త కూసున్న జాగ బిడ్డా ఇది" అన్నది. ఆ మాట విన్నంక వంతెన మాకు ఇంకా పెద్దగ కనబడ్డది.

కానీ మేము వచ్చింది మన ఎద్దుల కోసం కదా. అటు చివర దాక నడిచినం, దర్వాజా చూసినం, కమాన్లు లెక్కపెట్టినం. మన జాడ ఏదీ కనబడలేదు. మాలో ఒకడు వాళ్ల దాదాకు ఫోన్ కొట్టిండు. దాదాకు ఎనభై దాటింది. దాదా, మన లదేణి ఎద్దులు పురానాపూల్ వంతెన మీద నడిచినయా అని అడిగితే, స్పీకర్ల పెట్టిన ఫోన్ నుంచి పెద్ద నవ్వు.

"ఎద్దుకు వంతెన ఎందుకురా? వాగుల దిగితే నీళ్లు తాగుతది, ఒళ్లు చల్లబడతది. వంతెన బండికి కావాలె, పల్లకికి కావాలె."

మేము నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం.

తర్వాత ఆలోచిస్తే దాదా మాటల లెక్క ఉంది. లదేణి తండా వానాకాలం కదలదు. నాలుగు నెలలు గడ్డి, నీళ్లు ఉన్న చోట దిగి, ఎద్దులను మేపుకొని, వానలు పోయినంక బయలుదేరుతది. అప్పటికి మూసీ నడుము లోతు కూడా ఉండదు. పది వేల ఎద్దులు ఒక వంతెన మీద వరుస కడితే ఎన్ని రోజులు కావాలె? పైగా అన్ని ఎద్దులకు నీళ్లు తాపాలె కదా. మన తాతలు ఈ దారిన పోయి ఉంటే, పైనుంచి కాదు, ఈ కమాన్ల పక్కన ఇసుకల దిగి, నీళ్లు తాపుకొని, అవతలి ఒడ్డు ఎక్కి ఉంటరు. డేరాలు ఒడ్డు మీదనే వేసి ఉంటరు. ఇది మా ఊహ. కానీ వంతెన మీద నడిచిన్రు అని ముందు అనుకున్నది కూడా ఊహనే. ఈ ఊహకు దాదా అనుభవం తోడు ఉంది.

వంగి కిందికి చూసినం. నల్లటి నీళ్లు, ప్లాస్టిక్ కవర్లు, గుర్రపుడెక్క. కంపు. మన చరిత్ర ఉన్న చోటు ఇదా అని కడుపుల కలుక్కుమన్నది.

ఆ రోజు మాకు ఒక సంగతి అర్థమైంది. వంతెనను కాపాడుడు అంటే రాళ్లకు సున్నం పూసుడు ఒక్కటే కాదు. చుట్టూ ఉన్న ఒడ్డు, నీళ్లు, చెట్లు, అక్కడ కూర్చొని అమ్ముకునే మనుషులు, అన్నీ కలిపితేనే వంతెన. రాజు పేరు రాయి మీద ఉంటది. మన లాంటోళ్ల పేరు ఒడ్డు మీద, నీళ్లల్ల, చెట్టు కింద ఉంటది. ఒడ్డు పోతే మనం పోతం. 1908ల 150 మందిని బతికించింది కూడా పార్కుల చింతచెట్టే కదా. 2024ల మూసీ ఒడ్డున ఉన్న పేదల ఇండ్ల మీద ఎర్ర గుర్తులు వేసిన్రు. 2025 సెప్టెంబర్ చివర మూసీ మళ్లీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులకు నీళ్లు వచ్చినయి. నది బాగుపడాలె, అందరికీ అదే కావాలె. కానీ ఆ ఒడ్డు ఎవరిది, అక్కడ ఎవరు బతికిన్రు అని చెప్పేవాళ్లు ఆ ముచ్చట్ల లేకుంటే, రేపు అందమైన పార్కు వస్తది, అందుల మన మాట ఉండదు.

మరి ఇంత పెద్ద లదేణి ఎట్ల ఆగిపోయింది? అది కూడా చెప్పాలె. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. వెయ్యి ఎద్దులు మోసే సరుకును ఒక రైలు తీసుకుపోయింది. ఉప్పు మీద ఇంగ్లీషోళ్ల పెత్తనం వచ్చింది. వ్యాపారం పోయినోళ్లు అడవి అంచుల్ల దిగిన్రు, పశువులు మేపిన్రు, కూలికి పోయిన్రు. తిరిగే మనిషి మీద సర్కారుకు అనుమానం. 1871లో ఇంగ్లీషోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. నిజాం రాజ్యంలోనూ అలాంటి చట్టం కిందనే లంబాడీలను, ఎరుకలోళ్లను నిఘాలో పెట్టారు. నిన్నటి దాక దండుకు అన్నం మోసినోళ్లు పోలీసు రిజిస్టర్‌లో దొంగలయ్యారు. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర పోయింది. తెలంగాణలో లంబాడీలకు ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది. దాని వల్లనే ఈ హాస్టల్, ఈ చదువు. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి తరం మేమే. ఈ సంగతులన్నీ లోతుగా తెలుసుకోవాలంటే భంగ్యా భూక్యా సార్ నిజాం పాలనల లంబాడీల మీద రాసిన పుస్తకం ఉంది. మన తండాల నుంచి వచ్చిన మనిషే మన చరిత్ర రాసిండు.

వంతెనకు, గిరిజనులకు సంబంధం లేదని ఎవరన్నా అంటే మేఘాలయ దిక్కు చూపియ్యాలె. అక్కడ ఖాసీ, జైంతియా జనం వాగుకు అటూ ఇటూ ఉన్న రబ్బరు మర్రి చెట్ల ఊడలను మలిచి వంతెన పెంచుతరు. కట్టుడు కాదు, పెంచుడే. నడిచేటంత గట్టిపడనీకి పదిహేను ఇరవై ఏండ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడతది. నాటినోడు ముసలోడైతడు, మనుమడు నడుస్తడు. చెట్టు బతికినంత కాలం వంతెన గట్టిపడుతనే ఉంటది. 2022లో వాటిని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. వాటిని చూసుకునేది ఊరి జనమే. పెరూ దేశంలో కెస్వాచాకా అనే గడ్డి తాళ్ల వంతెన ఉంది. నాలుగు కెచువా ఊళ్ల జనం ఏటా కలిసి పాతది విప్పి కొత్తది అల్లుతరు. 2013లో యునెస్కో ఆ విద్యను గుర్తించింది. వాళ్లు కాపాడేది వంతెనను ఒక్కదాన్నే కాదు, అల్లే చేతులను కూడా.

ఇప్పుడు మన జిల్లాకు వస్తం. మన సిద్దిపేట జిల్లాల రిజర్వాయర్ల కింద ఊళ్లు పోయినయి, తండాలు పోయినయి. మా హాస్టల్‌ల ఒక తమ్ముని తండా ఇప్పుడు నీళ్ల కిందనే ఉంది. ఆ నీళ్లతోటి వేరే ఊళ్ల పొలాలు పారుతున్నయి, అది మంచిదే. కానీ మీ తండా ఎట్ల ఉండేనో చెప్పురా అంటే వాని దగ్గర ఉన్నది ఫోన్ల రెండు ఫొటోలు. ఒకటి పెండ్లి ఫొటో, ఇంకోటి బర్రె ఫొటో. తీజ్ నాడు ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టలు ఏ బాయిల నిమజ్జనం చేసేటోళ్లో, నాయక్ పంచాయితీ ఏ చెట్టు కింద కూర్చునేదో, ఎవరూ రాసిపెట్టలేదు. హైదరాబాదోళ్లు ఒక చింతచెట్టుకు వందేండ్ల పైన మాట ఆగకుండ చూసుకున్నరు. మనం పదేండ్ల కింద పోయిన చెట్టు పేరు మరిచిపోతున్నం.

అందుకని మేము ఒకటి అనుకున్నం. మన రాష్ట్ర సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు మనుషులు చేతులు కలిపితే ఒక సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. ఏడుగురు! మా రూముల్నే ఎనిమిది మందిమి ఉన్నం. రిజిస్ట్రేషన్ తర్వాత సంగతి, పని ముందు మొదలుపెడదం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరు మూడు పనులు చేయాలె.

ఒకటి. తండాల అందరికంటే పెద్ద మనిషి దగ్గర కూర్చొని, మనం ఎక్కడి నుంచి వచ్చినం, ఏ దారిన వచ్చినం, ఎక్కడెక్కడ దిగినం అని అడిగి ఫోన్ల రికార్డు చేయాలె. మన గోర్‌బోలిల ఏ మాట ఎట్ల అంటే అట్లనే. తెలుగుల మార్చుడు తర్వాత.

రెండు. తండా చుట్టూ తిరిగి పాత బాయి, పాత చెట్టు, వాగు దాటే చోటు, బండరాయి, ఏది ఉన్నా ఫొటో తీసి పేరు రాయాలె. పేరు ముఖ్యం. పేరు లేని ఫొటో పదేండ్లకు ఎవరికీ అర్థం కాదు.

మూడు. ఇంట్ల లదేణి నాటి వస్తువు ఏదన్నా ఉంటే అమ్మకుండ్రి. పాత గోణి సంచి, ఎద్దు మెడ గంట, దాదీ పేట్యా, ఏదైనా సరే. పాత సామాన్లోళ్లకు కిలోల లెక్కన ఇచ్చేస్తున్నం మనం.

ఎరుకల తమ్ముళ్లు, కోయ, గోండు, నాయకపోడు అన్నలు అక్కలు కూడా మీ గూడెంల ఇదే చేయుర్రి. మీ దారి వేరే, మీ చెట్టు వేరే. పని ఒక్కటే.

సార్‌కు రెండు పేజీలు రాయమంటే మేము పదకొండు పేజీలు రాసి ఇచ్చినం. కట్టడం పేరు దగ్గర పురానాపూల్ అని రాసి, పక్కన ఇంకో మాట చేర్చినం: దాని కింద ఉన్న మూసీ ఒడ్డు. సార్ అది చదివి కాసేపు ఏం అనలేదు. తర్వాత క్లాసుల మా నలుగురిని లేపి, దాదా చెప్పిన మాట అందరికీ చెప్పమన్నడు. చెప్పినం. ఈసారి ఎవరూ మీకు ఏముంది అని అడగలేదు.

సెప్టెంబర్ 28కి మళ్లీ పోదామనుకుంటున్నం, ఆ చింతచెట్టు కిందికి. వచ్చేటోళ్లు చెప్పుర్రి. ఉత్త చేతులతోటి పోవద్దు, ఒక్కొక్కరు మన పెద్దోళ్లు చెప్పిన ఒక్క మాటన్నా వెంట తీసుకొని పోదం.

జై సేవాలాల్. జై ఆదివాసీ.

ఇట్లు
సిద్దిపేట నుంచి మీ హాస్టల్ తమ్ముళ్లు